అర జాగా

పోటీ పదింటికైతే కుసకబే సెయిగో ఎనిమిదిన్నరకే వచ్చి కూర్చున్నాడు. నగోయాలో డిసెంబరు మొదటి వారం. చాపలు పరిచిన ఆట గదిలో ఇంకా హీటరు కూడా వెయ్యలేదు. బల్లలు తుడవడానికి వచ్చినావిడ తలుపు జరిపి, మసక వెలుతుర్లో మనిషి ఆకారం చూసి గుండె పట్టుకుంది.

"మీరా సెన్సే. ఈ చలిలో ఇంత పొద్దున్నే ఏమిటండీ?"

"కిటికీ పక్క బల్ల ఎవరైనా పట్టేస్తారని."

"అరవై దాటినవాళ్ళ పోటీకి ఎవరొచ్చి పట్టేస్తారు? సగంమంది టైముకి వస్తే గొప్ప," అని నవ్వి, హీటరు వేసి వెళ్ళిపోయింది.

కిటికీ పక్కన వెలుతురు బాగుంటుంది. ఆ వెలుతురు అతనికి ఎందుకంత అవసరమో ఆవిడకి తెలీదు, ఆటగాళ్ళ సంఘంలో ఎవరికీ తెలీదు. కుసకబే కళ్ళు పోతున్నాయి. కుడి కంటి నడిమధ్య చూపు రెండేళ్ళ కిందటే పోయింది, ఎడమది ఈ వేసవి నుంచి పోతోంది. దేన్ని సూటిగా చూస్తే అదే మాయమవుతుంది. మనిషి ముఖంలోకి చూస్తే చెవులు, జుట్టు కనిపిస్తాయి, ముఖం ఉండదు. అందుకని ఏది చూడాలన్నా తల పక్కకి తిప్పి కంటి అంచుతో చూడడం అలవాటు చేసుకున్నాడు. మెడ పట్టేసిందని అందరికీ చెప్పాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి మెడ పట్టేసిందంటే నమ్మనివాళ్ళెవరు?

ఇప్పుడు అతనికి కావలసింది ఒక్క గెలుపు. గీతల బల్ల మీద నల్ల, తెల్ల రాళ్ళతో కంచెలు కట్టి జాగా పట్టే గో ఆటలో తొమ్మిదో దాన్ అంటే చిట్టచివరి మెట్టు. ఎనిమిదో దాన్‌లో ఉన్నవాడు దాన్ని ఎక్కాలంటే గెలుపులు పోగుచేసుకోవాలి. కుసకబే ముప్పై ఏళ్ళుగా పోగుచేశాడు. జూలైలో ఒక్కటి తక్కువ దాకా వచ్చి ఆగిపోయాడు. ఆ తర్వాత ఆడిన ప్రతి ఆటా పోయింది. ఒకసారి రాయి పక్క గీత మీద పెట్టాడు, ఒకసారి చావబోతున్న గుంపుని చూడనే లేదు. చూసినవాళ్ళు వయసు మీద పడిందన్నారు. వసంతం వచ్చేసరికి అంచుల చూపుని కూడా నమ్ముకోవద్దని డాక్టరు చెప్పాడు. ఈ వెటరన్ల పోటీలో ఇవాళ ఓడితే మళ్ళీ ఏప్రిల్ దాకా అతనికి ఆట లేదు. గెలిస్తే ఇవాళే గెలవాలి.

సంఘం దయగలదే. రిటైరైనవాళ్ళని ఒక మెట్టు ఎక్కించి పంపుతుంది, చచ్చిపోయినవాళ్ళనీ ఎక్కిస్తుంది. ఆటగాళ్ళు దాన్ని 'సాగనంపు దాన్' అంటారు, వచ్చినవాడు వినకుండా. కుసకబే ఎన్నో చావులకి వెళ్ళి, ఫొటో ముందు పెట్టిన ఆ పట్టాకి దండం పెట్టి వచ్చాడు. తన ఫొటో ముందు కూడా అదే పెడతారన్న ఊహ వచ్చినప్పుడల్లా తన గెలుపులు మళ్ళీ వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవాడు.

పొద్దున్న బయల్దేరుతుంటే భార్య చిజురు గుమ్మం దగ్గర అతని కోటు బొత్తాలు పెట్టింది. కళ్ళ సంగతి తెలిసినది డాక్టరు తర్వాత ఆవిడకే.

"ఏమండీ, ఇవాళ ఓడిపోతే ఏమవుతుంది?"

"ఏమవుతుంది? ఏమీ కాదు."

"మరి రాత్రంతా పడుకోకుండా పైకప్పు చూశారెందుకు? కనిపిస్తోందా ఏమన్నా?"

అతనికి నవ్వొచ్చింది, నవ్వలేకపోయాడు.

"ఎర్ర గింజలు నానబోశాను," అంది చిజురు. శుభం జరిగిన రోజు వండే ఎర్రన్నానికి ముందు గింజలు నానాలి. "గెలిస్తే వండుతాను, లేకపోతే రేపు సూప్‌లో వేస్తాను. మీరేం కంగారుపడకండి."

ఆ మాటతో అతని కంగారు ఇంకొంచెం పెరిగింది.

పదింటికి ఐదు నిమిషాలుందనగా మిబు షిగెనోరి వచ్చాడు. మిబుకి డెబ్బై నాలుగు. నున్నటి గుండు, గదంతా వినిపించే గొంతు, తొమ్మిదో దాన్ వచ్చి పాతికేళ్ళు. ఇద్దరూ ఒకే గురువు ఇంట్లో పెరిగారు, ఒకే వసారా తుడిచారు, ఒకే కుండలో మాడిన అన్నం గీక్కుతిన్నారు. మిబు రెండేళ్ళు ముందు చేరాడు కాబట్టి చచ్చేదాకా అన్నే. ఆ అన్నరికంతో తమ్ముడికి 'ఎనిమిది' అని పేరు పెట్టి ముప్పై ఏళ్ళుగా అలాగే పిలుస్తున్నాడు.

"ఏరా ఎనిమిదీ, కోడి గింజని చూసినట్టు అలా పక్కనుంచి చూస్తావేంటి నన్ను?"

"మెడ పట్టేసింది మిబు-సాన్."

"మెడ సరే, ఈ ప్యాంటేంటి? అంచు పైకి మడిచి ఇంత పట్టీ. మ్యూజియం వాళ్ళు అడగలేదా ఇంకా?"

"మా పెళ్ళికి కుట్టించుకున్న మోస్తరుదే కుట్టిస్తాను. నీకెందుకు."

"నాకెందుకులే. ఆ మడతల్లో మీ పెళ్ళినాటి దుమ్ము ఇంకా ఉండుంటుంది."

పక్క బల్లల దగ్గర ముసలాళ్ళు నవ్వారు. ఒకాయన మాత్రలు వేసుకుంటున్నాడు, ఒకాయన అప్పుడే కునికిపాట్లు పడుతున్నాడు. గంట కొట్టారు. పెద్దవాడు కాబట్టి మిబు తెల్ల రాళ్ళు గుప్పెడు తీసి బల్ల మీద పెట్టాడు. అవి సరో బేసో అవతలివాడు చెప్పాలి, కుదిరితే నలుపు అతనిది. కుసకబే బేసి అని ఒక నల్ల రాయి పెట్టాడు. మిబు జతలు జతలుగా జరిపి, "బేసే. నలుపు నీది," అన్నాడు. ఇద్దరూ వంగి నమస్కారాలు పెట్టుకున్నారు.

బల్ల మీద ఏముందో మొత్తంగా కుసకబేకి కనిపించదు. తెల్ల రాయి టక్కుమని పడగానే తల తిప్పి అది ఏ గీత మీద పడిందో ఒక్కటి చూసుకుంటాడు. అంతవరకే కళ్ళ పని. పడినవన్నీ బుర్రలో ఉంటాయి. యాభై ఏళ్ళు ఇదే పని చేసిన బుర్ర. అందులో బల్ల ఎంత తేటగా ఉందంటే, మిబు ఆలోచిస్తూ కూర్చున్నప్పుడు కుసకబే కళ్ళు మూసుకునేవాడు. మూసుకుంటేనే బాగా కనిపించేది.

మధ్యాహ్నం విరామంలో ఉదోన్, సూపులో వేసిన లావు నూడుల్స్, తెప్పించారు. మిబు జుర్రుమంటూ లాగించాడు. కుసకబే ముట్టుకోలేదు. గిన్నెలో చాప్‌స్టిక్స్ తడుముకుంటూ దొరికిపోవడం కంటే ఆకలే నయం.

"తినవేంరా? గెలుస్తున్నాననుకుని కడుపు నిండిపోయిందా?"

"అరగట్లేదు."

"నా ఆట అరగదు ఎవరికీ," అని మిబు అతని ఉదోన్ కూడా తన వైపు లాక్కున్నాడు.

రెండింటికల్లా కుసకబేకి తెలిసింది, తను ముందున్నాడు. కొద్దిగానే, కానీ ముందున్నాడు. అతనికి సంతోషం రాలేదు, భయం వచ్చింది. మిబు మధ్యలో ఓటమి ఒప్పుకుని లేచిపోవాలి. ఒప్పుకోకుండా చివరిదాకా ఆడితే రాళ్ళు జరిపి లెక్కపెట్టాలి. ఆట బుర్రతో ఆడొచ్చు, లెక్క మాత్రం కళ్ళతోనే చెయ్యాలి. ఒప్పుకో, ఒప్పుకో అని లోపల ఒకటే గొణుక్కున్నాడు. చిన్నప్పుడు గురువు ఇంట్లో పక్కపక్కన పడుకుని, గురువు తొందరగా నిద్రపోవాలని ఇలాగే గొణుక్కునేవాళ్ళు. మిబు ఒప్పుకునే రకం కాదు. అంగుళం అంగుళం వెనక్కి లాగుతూ వచ్చాడు. నాలుగింటికి తేడా దారం అంత మిగిలింది.

ఇద్దరి టైమూ అయిపోయింది. గడియారం ఆడగొంతుతో సెకన్లు చదవడం మొదలుపెట్టింది. మోకాళ్ళ మీద కూర్చోలేక కుసకబే బాసింపట్టు వేసుకున్నాడు. కింది మూలలో ఒక తెల్ల రాయి చిక్కింది. దాన్ని చుట్టేసే నల్ల రాయి పెట్టి, తెల్లదాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, పక్కనున్న గిన్నె మూత వైపు వదిలేసి, గడియారం మీద కొట్టాడు. అప్పటికే 'తొమ్మిది' అని వినిపించింది. పది అనుంటే ఆట పోయేది. తర్వాత ఇంకో పది, పన్నెండు రాళ్ళు. ఆ తర్వాత పెట్టడానికి ఎక్కడా ఏమీ మిగల్లేదు.

"అయిపోయినట్టేగా," అన్నాడు మిబు.

"అయిపోయింది."

పట్టిన రాళ్ళు కూడా తీసేసిన లెక్క బుర్రలో ఉంది. నల్ల కంచెల్లో ఖాళీ అరవై ఏడు, తెల్ల కంచెల్లో అరవై. నలుపు ముందు ఆడుతుంది కాబట్టి తెలుపుకి ఆరున్నర జాగాలు ఊరికే వస్తాయి. అవి పోనూ తనకి అర జాగా మిగులుతుంది. ఆ అర పెట్టిందే ఎవరూ సమానంగా లేవకూడదని. అర జాగాతో తను తొమ్మిదో దాన్.

ఇక లెక్క. ఎవరు పట్టిన రాళ్ళు వాళ్ళు అవతలివాడి ఖాళీలో పోసి, రాయికో జాగా చొప్పున తగ్గించి, అవతలివాడి జాగాని తామే చక్కగా చదరాలుగా సర్దాలి. కుసకబే మూతలో చెయ్యి పెట్టి తెల్ల రాళ్ళు తీశాడు. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోలేదు, ఉన్నవన్నీ సరైన చోట పడితే చాలనుకున్నాడు. ఆల్చిప్పతో చేసిన తెల్ల రాయి వేలికి జారుతుంది, నల్లది కాస్త గరుకు. ఆ తేడా పట్టుకుని, తడుముకుంటూ, తెల్ల కంచె చెదరకుండా సర్దసాగాడు. చెమట ముక్కు మీద నుంచి కారుతోంది. మిబు తన వంతు ఎప్పుడో ముగించాడు.

"ఏంరా, నువ్వు సర్దేలోపు కొత్త సంవత్సరం వచ్చేట్టుంది. నేను చెయ్యనా?"

"నా పని నేను చేసుకోగలను."

"సరే సరే, కానివ్వు."

చివరికి అయింది. మిబు వేలితో లెక్కపెట్టాడు. "నలుపు అరవై ఏడు." వేలు అవతలి జాగా మీదికి జరిగింది. "తెలుపు..." మిబు ఆగాడు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. "తెలుపు అరవై ఒకటి."

గదిలో ఎవరో దగ్గారు. కుసకబే తల ఇటు తిప్పి, అటు తిప్పి, కంటి రెండు అంచులతోనూ చూశాడు. తెల్లటి మసక, నల్లటి మసక, వాటి మధ్య పసుప్పచ్చ చెక్క. అరవై ఉండాలి. అరవై అని బుర్ర చెబుతోంది. అరవై ఒకటి అయితే తేడా ఆరే, అర జాగాతో ఓడిపోయినట్టు. మిబు ఏమీ అనడం లేదు. మిబు కళ్ళు బానే ఉన్నాయి. ఎదురుగా కూర్చుని చూస్తున్నవాడు, ఎక్కడన్నా రాయి చెదిరితే చెప్పడా? అంటే చెదరలేదు. అంటే తప్పు బల్లది కాదు.

అతనికి అప్పుడు తెలిసింది, లేదా తెలిసిందనుకున్నాడు. కళ్ళు ఒక్కటే కాదు, బుర్ర కూడా పోయింది. పొద్దుటి నుంచి తేటగా కనిపించిన ఆ బల్ల ఎక్కడో ఒకచోట అబద్ధం. ఎప్పటినుంచి ఇలా తప్పుతోందో, జూలై నుంచి ఓడినవన్నీ కళ్ళ వల్లేనో కాదో, ఇక ఎవరు చెబుతారు? చీకట్లో మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేనట్టయింది.

"అర జాగా. తెలుపుది," అన్నాడు మిబు. గొంతు ఎప్పట్లా లేదు. జవాబు కోసం చూస్తున్నట్టు ఆగాడు. "అభ్యంతరం ఏమన్నా..."

"లేదు," అన్నాడు కుసకబే. "ఓడిపోయాను." బల్ల మీదికి వంగి నమస్కారం పెట్టాడు.

రాళ్ళు గిన్నెల్లోకి చేరాయి. గోడ మీద పోటీ పట్టిక ఉంది. గెలిచినవాడు తన పేరు పక్కన తనే ఎర్ర ముద్ర వేసుకోవాలి, అది ఆచారం. మిబు వెళ్ళి వేశాడు. ముద్ర పడ్డ చప్పుడు కుసకబేకి వినిపించింది. ఆ చప్పుడు తన చేతి కింద నుంచి రావాలని ఎన్ని నెలలుగా కోరుకున్నాడో.

మిబు తిరిగొచ్చి, "రారా, మొదటినుంచి ఓసారి పెట్టి చూద్దాం," అన్నాడు. ఆట అయ్యాక ఇద్దరూ కలిసి మళ్ళీ పెట్టి చూసుకోవడం మర్యాద. గెలిచినా ఓడినా ఎవరూ కాదనరు. కుసకబే యాభై ఏళ్ళలో ఎప్పుడూ కాదనలేదు.

"ఇవాళ వద్దు."

"అదేంటి?"

"వద్దన్నానుగా. నాకేం గుర్తులేదు."

కుసకబే కోటు తడుముకుని తీసుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగాడు. నానబోసిన గింజలు గుర్తొచ్చాయి. రేపు సూప్‌లో వేస్తుంది. ఏమీ అనదు, అదే చిక్కు. ఇంట్లో గిన్నెల్లో రాళ్ళున్నాయి, వాటినేం చెయ్యాలి? తెలిసిన పని ఒక్కటే, అదిక రాదు. సాయంత్రం రైల్లో ఇంటికి వెళ్ళాక, రేపు పొద్దున్న లేచి ఏం చేస్తాడో అతనికి ఏమాత్రం ఊహకి అందలేదు.

కింద చెప్పుల అర దగ్గర గట్టు మీద కూర్చున్నాడు. కాలు మీద కాలు వేసి, షూ ఎక్కించుకోవడానికి ప్యాంటు అంచు పైకి లాగాడు. ఏదో జారి పలకల నేల మీద పడింది. టక్, తర్వాత చిన్నగా దొర్లిన చప్పుడు.

బొత్తామైతే అలా మోగదు, నాణెమైతే అలా మోగదు. కుసకబే కదల్లేదు. వెనక మెట్ల మీద దిగుతున్న అడుగులు కూడా ఆగిపోయాయి. గోతో బతికినవాళ్ళకి ఆ చప్పుడు నిద్రలో వినిపించినా తెలుస్తుంది.

కుసకబే నేల మీద చేతులు పెట్టి తడుముకున్నాడు. గోడవార దొరికింది. వేలికి జారింది. ఆల్చిప్ప.

"ఏంరా అది?" మిబు గొంతు.

"తెల్ల రాయి." కుసకబే దాన్ని అరచేతిలో దొర్లించాడు. "కింది మూలలోది. మూతలో వేశాననుకున్నాను. ప్యాంటు మడతలో పడింది."

మిబు గబగబా దిగొచ్చి పక్కన కూలబడ్డాడు.

"అయితే తెలుపుకి అరవయ్యే," అన్నాడు కుసకబే.

"అరవయ్యే." మిబు రెండు చేతులతో గుండు పట్టుకున్నాడు. "నేనూ అరవయ్యే వేసుకున్నాన్రా. అరతో ఓడాననే అనుకుంటున్నాను, ఏమని ఒప్పుకోవాలా అని చూస్తున్నాను. లెక్కపెడితే అరవై ఒకటొచ్చింది. నీ వైపు చూశాను. నువ్వు నోరెత్తలేదు. నీ బుర్ర ఎప్పుడు తప్పింది కనక? నాదే తప్పిందనుకున్నాను. ఈమధ్య మనవళ్ళ పేర్లే తారుమారవుతున్నాయి."

"నేను నీ వైపు చూడలేదు, నాకు నీ ముఖం కనపడదు," అన్నాడు కుసకబే. అంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట. "రెండేళ్ళయింది. బల్లా కనపడదు. నువ్వేమీ అనలేదు కాబట్టి నా బుర్ర పోయిందనుకున్నాను."

మిబు అతని ముఖం ముందు చెయ్యి ఆడించాడు. తర్వాత ఆ చేత్తోనే అతని జబ్బ పట్టుకుని లేపాడు. "పద. పైకి పద. ముప్పై ఏళ్ళ కిందటైతే బల్ల మీద చెయ్యేసి ఆపేసేవాణ్ణి. ముసలి వెధవలం ఇద్దరం. పద."

ఒక కాలికి షూ, ఒక కాలికి మేజోడుతో కుసకబే మెట్లెక్కాడు.

పోటీల నిర్వహణ చూసే అత్సుమి అనే అతను యాభై ఏళ్ళవాడు, నెమ్మదస్తుడు. సంఘం ఆఫీసులో తన బల్ల ముందు నిలబడి ఇద్దరు పెద్దవాళ్ళు ఒకరి మాటలో ఒకరు దూరి చెప్పిందంతా విన్నాడు. రాయిని చేతిలోకి తీసుకుని చూశాడు.

"మీరు అభ్యంతరం లేదన్నారా, కుసకబే సెన్సే?"

"అన్నాను."

"మిబు సెన్సే, మీరూ సరేనన్నారు. ముద్ర కూడా వేశారు."

"వేసినవాణ్ణి నేనేగా, తీసెయ్యమంటున్నదీ నేనే," అన్నాడు మిబు. "గెలిచినవాడే ఓడానంటుంటే నీకేమయ్యా అభ్యంతరం?"

"నాదేముంది సెన్సే. ఇద్దరూ ఒప్పుకుని రాళ్ళు తీసేశాక ఫలితం మారదు. ఏం బయటపడ్డా మారదు. ఆ నియమం మీకు నేను చెప్పాలా? రేపు ఇంకొకరు జేబులో రాయి పెట్టుకుని వస్తే నేనేమనాలి?"

కుసకబే నేల మీద మోకరిల్లాడు. అలా చేస్తాడని అతనికే తెలీదు. చేతులు ముందుకి చాచి, నుదురు నేలకి ఆనించాడు. ఆఫీసులో టైపు చేస్తున్న చప్పుడు ఆగిపోయింది.

"అత్సుమి-సాన్, నేను గెలిచాను. నాకు కళ్ళు కనపడవు. వసంతానికి అసలు కనపడవు. ఇంకో ఆట ఆడలేను. ఈ ఒక్కటి ఇప్పించండి. రాయి పడింది నేను చూడలేదు, చూడలేను కాబట్టి చూడలేదు. అది మోసం కాదు. ఇంకేమీ అడగను."

"లేవండి సెన్సే, దయచేసి లేవండి." అత్సుమి బల్ల చుట్టూ వచ్చి అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "కళ్ళ సంగతి ముందే ఒక్కమాట చెప్పుంటే పక్కన మనిషిని కూర్చోబెట్టేవాళ్ళం కదా. పట్టిన రాళ్ళు తీసిపెట్టేవాళ్ళు, జాగా సర్దేవాళ్ళు. ఇంతకుముందు చేశాం కూడా. ఎందుకు చెప్పలేదు?"

జాలితో చూస్తారని చెప్పలేదు. ఇప్పుడు ఆఫీసంతా జాలితోనే చూస్తోంది, ముఖాలు కనిపించకపోయినా అతనికి తెలుస్తూనే ఉంది. ఒక్క మాట చెప్పుంటే ఎర్ర ముద్ర తన చేతుల్లోనే ఉండేది.

"మార్చిలో రిటైర్మెంట్ పెట్టుకోండి సెన్సే," అన్నాడు అత్సుమి మెల్లగా. "తొమ్మిదో దాన్ ఎలాగూ..."

"ఊరుకోవయ్యా," అన్నాడు మిబు.

మిబు రాయి తీసుకున్నాడు, తమ్ముడి జబ్బ పట్టుకుని మళ్ళీ చాపల గదికి నడిపించుకెళ్ళాడు. బయట చీకటి పడుతోంది. పొద్దుటి ఆవిడ బల్లలు తుడిచి గుడ్డలు కప్పుతోంది.

"కిటికీ పక్కది కాసేపు ఉంచమ్మా," అన్నాడు మిబు. కుసకబేతో, "గుర్తులేదన్నావుగా. పెట్టు చూద్దాం. రెండు రంగులూ నువ్వే పెట్టు."

కుసకబేకి పెట్టాలని లేదు. పెట్టి ఏం లాభం? కానీ గిన్నెలు దగ్గరికి రాగానే చేతులు వాటంతటవే కదిలాయి. నలుపు, తెలుపు, నలుపు, తెలుపు. ఎడమ చేతి వేలితో గీతలు తడుముకుంటూ, కుడి చేత్తో పెట్టుకుంటూ పోయాడు. మిబు ఒక్కసారి కూడా ఆపలేదు, ఒక్క రాయి కూడా సవరించలేదు. సగం ఆట అయ్యేసరికి కుసకబే కళ్ళు మూసుకునే పెడుతున్నాడు. కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. బుర్రలో బల్ల పొద్దున్న ఎలా ఉందో అలాగే ఉంది. ఎక్కడా అబద్ధం లేదు. ఇదంతా ఉండి, దీన్ని తనే నమ్మలేదు. ఆ ఒక్క నిమిషం నమ్మి ఉంటే చాలు. దాన్ని తల్చుకుంటే ఎవరినన్నా కొట్టాలనిపించింది, కొట్టడానికి తను తప్ప ఎవరూ లేరు.

కింది మూల వచ్చింది. నల్ల రాయి పెట్టాడు, చిక్కిన తెల్ల రాయి ఎత్తాడు. మూత ఎక్కడుందో ఈసారి ముందు చేత్తో చూసుకుని, అందులో వదిలాడు. టక్కుమంది.

చివరి రాయి దాకా పెట్టాక సర్దడం మొదలుపెట్టబోతే మిబు అతని చేతులు పక్కకి జరిపాడు. రెండు జాగాలూ తనే సర్దాడు. పైకి లెక్కపెట్టాడు. "నలుపు అరవై ఏడు. తెలుపు అరవై." చెయ్యి ఒళ్ళోకి తీసుకున్నాడు. "అర జాగా. నలుపుది."

గోడ మీద పట్టికలో మిబు ముద్ర అలాగే ఉంది. రేపు పత్రికలో కూడా అలాగే వస్తుంది.

మిబు మోకాళ్ళు సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు. చాపలు కిర్రుమన్నాయి.

"ఓడిపోయాను, కుసకబే," అన్నాడు.

కుసకబే జవాబుగా వంగబోయి ఆగాడు. తల పక్కకి తిప్పాడు. కిటికీలో వెలుతురు పోయింది, కంటి అంచున కూడా ఏమీ లేదు.

"వంగావా?" అని అడిగాడు.

"వంగాను."

"నాకు కనపడలేదు."

"మళ్ళీ వంగనా?"

"వంగు."

చాప మళ్ళీ కిర్రుమంది. కుసకబే బల్ల మీదుగా చెయ్యి చాచాడు. చెయ్యి గాలిలో కాసేపు వెతుక్కుని, బల్ల అంచుకి ఆనించి ఉన్న మిబు నున్నటి గుండు మీద పడింది. అది అక్కడే, కిందకి వంగి, కదలకుండా ఉంది. కుసకబే చాలాసేపు చెయ్యి తియ్యలేదు.